వీధి భద్రతా కమిటీకి కన్వీనర్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోనా?

ప్రశ్న: మా నగరంలో పోలీసులు, నగరపాలక సంస్థ కలిసి ఆర్నెల్ల క్రితం వీధికో భద్రతా కమిటీ వేసుకోమన్నారు. మా వీధిలో మొదటి మీటింగుకి నలభై మందికి పైగా వచ్చారు. అధికారులు మాట్లాడారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. రెండో మీటింగుకి సగం మందే వచ్చారు. మూడోదానికి ఆరుగురం మిగిలాం. ఇప్పుడు కమిటీ అంటే ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. అందులో పొద్దస్తమానం ‘ఎవరో అనుమానంగా తిరుగుతున్నాడు’ అని ఫోటోలు. పోయిన నెల పార్సిల్ తెచ్చిన ఒక కుర్రాణ్ణి మా వాళ్లు ముగ్గురు ఆపి, బ్యాగు విప్పించి, ఫోను లాక్కుని పావుగంట నిలబెట్టారు. ఇంటి నంబరు దొరక్క రెండుసార్లు అటూ ఇటూ తిరగడమే అతను చేసిన నేరం. నేను బాల్కనీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ సంగతి మనసులోంచి పోవట్లేదు. ఇప్పుడు పాత కన్వీనర్ మానుకున్నారు, నన్ను ఉండమంటున్నారు. ఈ ఏడు మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. చీకటి పడితే ఆడపిల్లలు ఒక మూల మీదుగా రావడానికి భయపడుతున్నారు. అందుకే భద్రత గోల మనకెందుకని అనలేను. కానీ ఇలాంటి కమిటీని నడపడం నా వల్ల అవుతుందా? అసలు వీటివల్ల ప్రయోజనం ఉందా? మా ఆయన ‘నీకెందుకు ఈ టెన్షన్’ అంటున్నారు. (ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, ఒప్పుకోండి. అయితే ఒప్పుకునే ముందే అధికారులకూ, వీధివాళ్లకూ ఒక మాట చెప్పండి. ఇకమీదట ఈ కమిటీ వీధిలో ఏ చోటు బాగాలేదో చూస్తుంది, దారిన పోయే మనుషుల్ని తనిఖీ చేయదు. ఈ మాట మీద మీరు గట్టిగా నిలబడగలిగితే మిగతావి మెల్లమెల్లగా దారికొస్తాయి. దీని దగ్గరే రాజీ పడమంటే మాత్రం ఆ బాధ్యత మీకొద్దు.

ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే, పార్సిల్ కుర్రాడి విషయం మీరు అనుకుంటున్న దానికంటే పెద్దది. 2012 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, శాన్‌ఫర్డ్ అనే ఊళ్లో ఇలాంటి కమిటీ వాలంటీరు ఒకతను తమ కాలనీలో నడిచి వెళ్తున్న పదిహేడేళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చూసి అనుమానపడ్డాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. వెంట వెళ్లాల్సిన పని లేదని అవతలి నుంచి చెప్పారు. అయినా ఆ రాత్రి అతని తుపాకీ గుండుకి ఆ పిల్లవాడు చనిపోయాడు. వాడి దగ్గర ఏ ఆయుధమూ లేదు, ఆ కాలనీలోనే ఒక ఇంటికి వచ్చినవాడు. 2018లో మన దేశంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్క ఘటనలోనే అయిదుగురు బలైపోయారు. ఒక మెసేజీని అయిదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా వాట్సాప్ ఆ నెలలోనే మన దేశంలో పరిమితి పెట్టింది. ఆ మెసేజీలు పంచుకున్నవాళ్లలో చాలామంది ఎవరికో హాని చేద్దామని పంచుకోలేదు. పిల్లల్ని కాపాడుకుందామనే పంచుకున్నారు. మీ గ్రూపులో ఫోటోలు పెట్టేవాళ్లూ అంతే, చెడ్డవాళ్లు కారు. భయపడి ఉన్నారు. భయపడ్డ మనిషికి చేయడానికి ఏదో ఒక పని కావాలి. మంచి పని చూపించకపోతే, ఎదురుగా కనిపించిన కొత్త మొహం మీద పడతారు.

కాబట్టి కన్వీనర్‌గా మీ మొదటి పని ఆ భయానికి సరైన పని చూపించడం.

ప్రయోజనం ఉందా అని అడిగారు. ఉంది, కానీ బోర్డు తగిలించినంత మాత్రాన రాదు. అమెరికాలో షెరిఫ్‌ల, అంటే జిల్లా స్థాయి పోలీసు అధికారుల, జాతీయ సంఘం 1972లో నైబర్‌హుడ్ వాచ్ పేరుతో దేశమంతటా ఈ పని మొదలుపెట్టింది. బ్రిటన్‌లో మొదటి కమిటీ 1982లో చెషైర్ ప్రాంతంలోని మోలింగ్టన్ అనే చిన్న ఊళ్లో వచ్చింది. తర్వాత వేల చోట్ల పెట్టారు. వాటి మీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్షలో, సగటున నేరాలు 16 నుంచి 26 శాతం దాకా తగ్గినట్టు తేలింది. అదే సమీక్షలో ఏ మార్పూ రాని చోట్లూ ఉన్నాయి. ఇంకో సంగతి కూడా పరిశోధకులు మళ్లీ మళ్లీ గమనించారు. ఇవి బాగా సాగేది ఉన్నంతలో కలిగినవాళ్లు, సొంత ఇళ్లవాళ్లు ఉండే చోట. నిజంగా అవసరం ఎక్కువున్న చోట ఇవి నిలబడవు. మీ మూడో మీటింగుకి వచ్చిన ఆ ఆరుగురిలో అద్దెకుండేవాళ్లు ఎంతమందో ఒకసారి గుర్తు చేసుకోండి.

మరి పనిచేసే చోట పనిచేసేది ఏమిటి? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు షికాగో నుంచి వచ్చింది. రాబర్ట్ శాంప్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లలో ఆ నగరంలోని 343 ప్రాంతాల్లో 8,782 మందిని ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడిగారు. ఆ ప్రశ్నలు ఎంత మామూలువో చూడండి. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల మీద నిలబడితే మీ ఇరుగుపొరుగు పట్టించుకుంటారా? ఎవరైనా గోడ మీద రంగు చల్లుతుంటే వద్దంటారా? ఇంటి ముందు కొట్లాట జరిగితే ముందుకొస్తారా? దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి డబ్బు తగ్గించేసి మూసేస్తామంటే నలుగురూ పోగవుతారా? పక్కింటివాళ్లను నమ్మొచ్చా? ఔనన్నవాళ్లు ఎక్కువున్న ప్రాంతాల్లో హింస తక్కువగా ఉంది. పేదరికం ఒకే స్థాయిలో ఉన్న ప్రాంతాల్ని పక్కపక్కన పెట్టి చూసినా ఆ తేడా కనిపించింది. 1997లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ప్రశ్నల్లో అపరిచితుణ్ణి ఆపడం గురించి ఒక్కటీ లేదు. అన్నీ మనవాళ్లు మనవాళ్ల కోసం కదులుతారా అన్న దాని గురించే.

ఇక మీ వీధిలో ఏం చేయాలో చెబుతాను. ముందు ఆడపిల్లలు భయపడే ఆ మూల దగ్గరికి వెళ్లండి. పగలు కాదు, వాళ్లు భయపడే టైముకే వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, ఆరేడుగురు కలిసి వెళ్లండి. అందులో రోజూ ఆ దారిన వచ్చే అమ్మాయి ఒకరు, పెద్దవయసువాళ్లు ఒకరు, వాచ్‌మన్ ఒకరు తప్పకుండా ఉండాలి. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే స్త్రీల సంస్థ ఈ పద్ధతిని తయారుచేసింది. ఆడవాళ్లు గుంపుగా రాత్రిపూట నడిచి, ఎక్కడ ఎందుకు భయం వేస్తోందో అక్కడే రాసుకోవడం. ఆ తర్వాత ఇది చాలా దేశాలకు పాకింది. వినడానికి తేలికగా ఉంటుంది కానీ, మీటింగు హాల్లో గంటసేపు మాట్లాడినా బయటపడనివి ఆ పావుగంట నడకలో బయటపడతాయి.

నేను మా వీధి కమిటీలో నాలుగేళ్లు పనిచేశాను. మాకూ మీలాగే ఒక మూల ఉండేది. అక్కడ లైటు వెలగట్లేదని మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చాం. మూడుసార్లూ ‘లైటు వెలుగుతోంది’ అని రాసి మూసేశారు. అబద్ధాలాడుతున్నారని మాకు ఒళ్లు మండిపోయింది. చివరికి ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఏడుగురం అక్కడికి నడిచాం. చూస్తే నిజంగానే లైటు వెలుగుతోంది. పక్కనున్న చెట్టు కొమ్మలు దీపం చుట్టూ కమ్ముకుని, వెలుగంతా పై ఆకుల మీదే పడి అవి పచ్చగా మెరుస్తున్నాయి. కింద ఫుట్‌పాత్ మీద మాత్రం గచ్చు కూడా కనిపించనంత నీడ. మాతో వచ్చిన ఇంటర్ చదివే అమ్మాయి ఆ నీడలోకి వెళ్లి నిలబడి, మమ్మల్ని పదడుగుల దూరంలో ఆపి, ‘ఇప్పుడు నా మొహం కనిపిస్తోందా?’ అని అడిగింది. కనిపించలేదు. తెల్లటి చున్నీ ఒక్కటే తెలుస్తోంది. ‘నాకూ ఎదురొచ్చేవాళ్ల మొహం కనిపించదు ఆంటీ. అందుకే రోజూ ఇక్కడికి రాగానే రోడ్డు దాటి అటువైపు వెళ్లిపోతా’ అంది. ఆ రోడ్డు మీద బళ్లు ఎంత స్పీడుగా వస్తాయో మాకు తెలుసు. రెండేళ్లుగా ఆ పిల్ల రోజూ అలా దాటుతోందని వాళ్ల అమ్మకు కూడా తెలియదు.

మర్నాడు ఇచ్చిన అర్జీలో లైటు మాటే ఎత్తలేదు. స్తంభం నంబరు వేసి, కొమ్మలు కొట్టించమని రాసి, చెట్లు చూసే విభాగానికి ఇచ్చాం. పంతొమ్మిదో రోజున వచ్చి కొట్టారు. అప్పటిదాకా మేం అడగాల్సినవాళ్లను అడగలేదు, అడగాల్సినది అడగలేదు. నడిచాక గానీ అది తెలియలేదు.

మీరూ నడిచేటప్పుడు ఈ మూడూ చూసుకోండి. పదడుగుల దూరంలో మనిషి మొహం తెలుస్తోందా? కేక వేస్తే వినే కిటికీ, తెరిచున్న దుకాణం, కూర్చున్న మనిషి దగ్గర్లో ఉన్నారా? ఎవరైనా ఎదురొస్తే పక్కకు తప్పుకోవడానికి దారి ఉందా, లేక గోడకూ కాలువకూ మధ్య ఇరుక్కుపోతామా? ఒక్కో దానికీ స్తంభం నంబరో, పక్కింటి నంబరో వేసి రాయండి. ‘మా వీధి చీకటిగా ఉంది’ అని రాస్తే ఏ ఆఫీసూ కదలదు. ఫలానా స్తంభం, ఫలానా కొమ్మ అని రాస్తే ఆ పని ఎవరిదో తేలిపోతుంది, తప్పించుకోవడం కష్టం.

ఇవి చిన్న పనులని ఎవరైనా చప్పరిస్తే వాళ్లకు రెండు సంగతులు చెప్పండి. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాత్రమే పెద్ద లైట్లు పెట్టి చూశారు. లైట్లున్న చోట రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. ఫిలడెల్ఫియాలో చెత్తతో నిండిన ఖాళీ స్థలాలు 541 తీసుకుని, అక్కడా లాటరీ పద్ధతిలోనే కొన్నింటిని ఎంచుకుని శుభ్రం చేశారు. గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, మోకాలెత్తు కంటే కాస్త పైకి చెక్క కంచె కట్టారు. బాగా పేద పేటల్లో అలా బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఎవరినీ పట్టుకోలేదు, ఎవరి బ్యాగూ విప్పించలేదు. అంత చిన్న కంచె దొంగను ఆపదు, నిజమే. కానీ ఈ స్థలం ఒకరు చూసుకుంటున్నారని అది చూసే ప్రతివాళ్లకూ తెలుస్తుంది.

దొంగలు పడ్డ రెండిళ్ల సంగతికొద్దాం. ఇక్కడ మీ వీధివాళ్లంతా వీధి మొదట్లోకి చూస్తూ కూర్చున్నారు, చూడాల్సింది ఆ రెండిళ్లను. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో మళ్లీ పడే అవకాశం మిగతా ఇళ్లకంటే ఎక్కువ. పక్కనున్న ఇళ్లకూ తర్వాతి కొన్ని వారాలు ముప్పు పెరుగుతుంది. దొంగకు దారి తెలిసింది, లోపల ఏముందో తెలిసింది, ఏ గడియ వదులుగా ఉందో తెలిసింది. 1980లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే బస్తీలో దీన్ని బట్టే ఒక పథకం వేశారు. అక్కడ ఇళ్లలో నాణేలు వేస్తే గ్యాసు, కరెంటు వచ్చే మీటర్లుండేవి. దొంగలు వాటిని పగలగొట్టి డబ్బు పట్టుకుపోయేవాళ్లు. ఆ మీటర్లు తీయించేశారు. దొంగలు పడ్డ ఇంటి తలుపులూ గడియలూ వెంటనే బాగుచేయించారు. ఆ తర్వాత బస్తీ అంతటికీ ఒక కమిటీ వేయకుండా, దొంగతనం జరిగిన ఇంటి చుట్టూ ఉన్న ఆరేడు ఇళ్లవాళ్లను మాత్రమే కలిపి, ఈ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచండని అడిగారు. దానికి పట్టుగూడు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మూడేళ్లలో ఆ బస్తీలో ఇళ్ల దొంగతనాలు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

మీరూ అదే చేయవచ్చు. ఆ రెండిళ్లకు వెళ్లండి. ‘ఎంత పోయింది’ అని అడగొద్దు, ఆ ప్రశ్న వాళ్లు ఇప్పటికే వందమంది దగ్గర విని ఉంటారు. ఎటునుంచి వచ్చారో, ఆ గడియ బాగుచేయించారో లేదో, రాత్రి నిద్ర పడుతోందో లేదో అడగండి. చుట్టూ ఉన్న అయిదారిళ్లవాళ్లను పిలిచి ఫోన్ నంబర్లు ఇప్పించండి. ఇంట్లో లేనప్పుడు తలుపు ముందు పడ్డ పార్సిల్ తీసి లోపల పెట్టడం, సాయంత్రం ఒక లైటు వేయడం, మామూలుగా లేని చప్పుడు వస్తే ఫోన్ చేసి ‘బాగున్నారా’ అనడం వాళ్లు చేస్తే చాలు. ఆరిళ్లవాళ్లు ఒకరి బాధ్యత ఒకరు తీసుకోగలరు. రెండొందల మంది ఉన్న గ్రూపులో ప్రతివాళ్లూ ఇంకెవరో చూసుకుంటారులే అనుకుంటారు.

ఇప్పుడు అధికారుల సంగతి. జనం మూడో మీటింగుకి రాకపోవడం బద్ధకం వల్ల కాదని నా గట్టి నమ్మకం. మొదటి మీటింగులో అడిగినదానికి రెండో మీటింగులో జవాబు రాలేదు. అంతే. ఒకసారి చెప్పి, జవాబు రాకపోతే, రెండోసారి చెప్పడానికి ఎవరు వస్తారు? ఈ విషయంలో పేరున్న ప్రయత్నం కూడా షికాగోదే. 1993లో అయిదు పోలీసు డిస్ట్రిక్టుల్లో మొదలుపెట్టి తర్వాత నగరమంతా విస్తరించారు. నగరాన్ని 279 బీట్‌లుగా, అంటే పోలీసులు గస్తీ తిరిగే చిన్న ప్రాంతాలుగా చూసి, ప్రతి బీట్‌లోనూ నెలనెలా మీటింగు పెట్టేవారు. ఎక్కడో పై ఆఫీసు నుంచి వచ్చి ఉపన్యాసమిచ్చే అధికారులతో సరిపెట్టకుండా, ఆ బీట్‌లో రోజూ తిరిగే పోలీసులే వచ్చి కూర్చునేవారు. ఆ మీటింగుల్లో వచ్చిన అర్జీలను, అంటే వెలగని దీపాలు, పాడుబడ్డ ఇళ్లు, వదిలేసిన కార్లు లాంటివాటిని, మిగతా విభాగాలు ముందుగా చూడాలని నగరం ఏర్పాటు చేసింది. నా లెక్కలో ఆ పథకానికి ప్రాణం అదే. దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన వెస్లీ స్కోగన్ అనే ఆచార్యుడు మంచినీ లోపాల్నీ రెండూ రాశారు. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాలు ఆ మీటింగులకు పెద్దగా రాలేదు, ఫలితం కూడా వాళ్లకు తక్కువే అందింది. తర్వాతి దశాబ్దంలో నగరం డబ్బూ సిబ్బందీ తగ్గించేసరికి పథకమే నీరసించిపోయింది.

దీన్ని బట్టి మీరు అధికారుల్ని అడగాల్సినవి ఉన్నాయి. ప్రతి మీటింగూ పోయిన నెల అర్జీలతోనే మొదలవ్వాలి, ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అని. కాలేదని చెప్పినా జనం ఓర్చుకుంటారు, ఏమీ చెప్పకపోతేనే ఓర్చుకోరు. బీట్ కానిస్టేబుల్ ప్రతిసారీ ఒకరే రావాలి, మనిషి మారితే పరిచయం చేసి వెళ్లాలి. నెలలో మన వీధిలో ఏ రకం నేరం ఏ టైములో జరిగిందో, బాధితుల పేర్లు లేకుండా చెప్పాలి. ఇది తెలియకపోతే ఒక దొంగతనం పదిళ్లకు చేరేసరికి పది దొంగతనాలవుతుంది. మీరు మాత్రం ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, అర్జీ, కంప్లైంట్ నంబరు, ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు అన్నవి రాసుకోండి. అధికారులు మారిపోతుంటారు. పుస్తకం ఉంటే కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి నుంచి చెప్పుకునే బాధ ఉండదు.

మీటింగుని నలభై నిమిషాలకు మించనీయకండి. ఒక నెల ఆదివారం పొద్దున, ఒక నెల రాత్రి భోజనాలయ్యాక పెట్టి చూడండి. అద్దెకుండేవాళ్లను, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, వాచ్‌మన్‌లను స్వయంగా వెళ్లి పిలవండి. గ్రూపులో పెట్టిన మెసేజీ పిలుపు కాదు. వీధిలో రోజంతా ఉండేది వాళ్లే, ఏ గేటు ఎప్పుడు తెరిచుంటుందో తెలిసేదీ వాళ్లకే. వాళ్లు లేకుండా వాళ్ల మీద అనుమానాలు మాట్లాడుకునే మీటింగులు నేను చూశాను, చాలా బాధేసింది.

గ్రూపు విషయంలో మొహమాటపడకండి. మనుషుల ఫోటోలు పెట్టకూడదు, అంతే. ఏదైనా రాయాలంటే ఎవరో కాదు, ఏం చేస్తున్నారో రాయాలి. ‘గళ్ల చొక్కా వేసుకున్నవాడు అనుమానంగా ఉన్నాడు’ అన్నదాన్లో సమాచారం ఏమీ లేదు. ‘పదిహేడో నంబరు ఇంటి వెనక కిటికీ ఊచలు ఎవరో వంచుతున్నారు’ అంటే ఉంది. అదైనా ముందు ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, ఆ తర్వాతే గ్రూపులో రాయాలి. కమిటీవాళ్లు ఎవరినీ ఆపరు, వెంటపడరు, సోదా చేయరు, కర్రలు పట్టుకుని తిరగరు. చూడటం, చెప్పడం వరకే మన పని. ఇది కాగితం మీద రాసి, మీటింగులో చదివి, కానిస్టేబుల్ ముందే అందరిచేతా సంతకాలు పెట్టించండి. ఒకరిద్దరు అలిగి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

కెమెరాలు పెట్టిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నలభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2019 సమీక్ష ప్రకారం కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి, అందులోనూ ఎక్కువ మేలు బళ్లు నిలిపే చోట్ల కనిపించింది. వద్దనను. కానీ ఆ వీడియో ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, పక్కింటి పడగ్గది కిటికీ అందులో పడుతోందా అన్నవి తేల్చకుండా డబ్బు పోగుచేయకండి. కొమ్మలు కొట్టించడం ముందు.

భద్రత అనగానే మనం వీధి వైపే చూస్తాం. మూసిన తలుపుల వెనక జరిగేదాన్ని ఏ కమిటీ అజెండాలోనూ నేను చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి ముగ్గురు స్త్రీలలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసనో లైంగిక హింసనో అనుభవిస్తున్నారు, అది చేసేది ఎక్కువగా భర్తో, దగ్గరి మనిషో. 2008లో మన దేశంలో బ్రేక్‌త్రూ అనే సంస్థ ‘బెల్ బజావో’ అని ఒక ప్రచారం చేసింది. పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టండి, ఏదో ఒక వంక చెప్పండి, లోపలివాళ్లకు బయట ఎవరో వింటున్నారని తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లడం ప్రమాదమనిపిస్తే ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి, లేదా పోలీసులకు ఫోన్ చేయండి. ఆ ఇంటి సంగతి మాత్రం గ్రూపులో ఎప్పుడూ రాయొద్దు. మీరు కన్వీనర్ అయ్యాక ఒక ఇల్లాలు ఎప్పుడైనా మెట్ల దగ్గర ఆగి మీతో మాట్లాడాలనుకోవచ్చు. మీరు నోరు జారరన్న నమ్మకం ఆమెకు ఉండాలి.

మీ ఆయన అన్న మాటలో న్యాయముంది. ఈ పని నెత్తికెత్తుకుంటే అర్ధరాత్రి కూడా ఫోన్లు వస్తాయి. అందుకని ఏడాదికే ఒప్పుకోండి, ఇంకొకరిని జత కన్వీనర్‌గా పెట్టుకోండి, ఆపదలో ఫోన్ చేయాల్సింది పోలీసులకు గానీ మీకు కాదని మొదటిరోజే చెప్పండి. వారానికి రెండు మూడు గంటలకు మించి తీసుకుంటుంటే పని పంచండి. ఆరుగురు మిగిలారని బెంగపడ్డారు కదా, మొదటి ఆర్నెల్లకు ఆరుగురు చాలు. ఒక కొమ్మ కొట్టించండి, ఒక గడియ బాగుచేయించండి, అది చూసి వచ్చేవాళ్లు వస్తారు.

ఒక్క పని మాత్రం పదవి తీసుకోకముందే చేయండి. ఆ కుర్రాడు మీ వీధికి ఇంకా పార్సిళ్లు తెస్తూనే ఉంటాడనుకుంటున్నాను. ఈసారి వచ్చినప్పుడు బాల్కనీలో ఉండకుండా కిందికి దిగండి. ఆ రోజు ఆపిన ముగ్గురిలో ఒక్కరైనా మీతో వస్తే మంచిది, రాకపోతే మీరొక్కరే వెళ్లండి. జరిగింది తప్పని, మీరు చూస్తూ ఊరుకోవడం కూడా తప్పేనని చెప్పండి. అతనికి కోపం ఉండొచ్చు, మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు, అది అతని హక్కు. మాట్లాడితే మాత్రం, మీరు రాత్రి నడవబోయే రోజు, టైము చెప్పి అడగండి. రోజూ చీకట్లో మీ వీధిలో ఇళ్ల నంబర్లు వెతుక్కునేవాడు అతనే. ఏ ఇంటికి నంబరు లేదో, ఏ స్తంభం దగ్గర చదవడానికి ఫోన్ లైటు వేయాల్సి వస్తోందో, ఏ మలుపులో కాలు మడతపడుతుందో మీ నలభై మందికంటే అతనికే బాగా తెలుసు. అతను చెప్పినవి ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.